సర్కారు మింగిన గంట

ఆ రోజు ఐలమ్మ పని ఒక్కటే. పోస్టాఫీసుకు వెళ్లి, అస్సాంలో ఉన్న కూతురు సారక్కతో ఫోన్లో ఒక్క మాట చెప్పి, ఇంటికొచ్చి అంబలి తాగాలి. అల్లుడు అక్కడి బొగ్గుగనిలో పనికి కుదిరాడు. దూరాభారం వల్ల తొలికాన్పు కూడా అక్కడే జరిగింది. "తల్లీబిడ్డ క్షేమం" అని తంతి వచ్చింది. అది వినగానే, చనిపోయిన తన పెనిమిటి పోశమే మళ్లీ పుట్టాడని ఐలమ్మ తమ చాందా గనుల ఊరు లాల్‌పేట్ అంతా చెప్పేసింది. ఆదివారం పేరు పెడతారు. ఈలోగా పోశం పేరే పెట్టాలన్న తన మాట చేరకపోతే వియ్యపురాలు రుక్కమ్మ తన వాళ్ల పేరు తగిలిస్తుంది. రుక్కమ్మ ఎంతటిదో ఐలమ్మకు తెలుసు.

తొమ్మిదికి గని ఆఫీసులో ఫోను దగ్గర ఉంటానని సారక్క కార్డు రాయించింది. ఐలమ్మ సరిగ్గా తొమ్మిదికే ఫోను కలిపించింది. సారక్క చూసి చూసి వెళ్లిపోయిందని, రేపు మళ్లీ వస్తుందని అక్కడి బాబు చెప్పాడు. మర్నాడు ఐలమ్మ గంట ముందే వెళ్లింది. తల్లి ఆలస్యంగా వస్తుందనుకున్న సారక్క ఆ రోజు గంట ఆలస్యంగా వచ్చింది. ఒకరి కోసం ఒకరు సర్దుకోబోయి, ఇద్దరూ మళ్లీ గంట తేడాతోనే తప్పిపోయారు.

పక్కింటి గుమాస్తా ప్రహ్లాద్ సంగతి విప్పాడు. అస్సాంలో పొద్దు తొందరగా పొడుస్తుందట. అందుకని గనులవాళ్లు, తేయాకు తోటలవాళ్లు గడియారం గంట ముందుకు తిప్పుకుంటారట. లాల్‌పేట్‌లో గని సైరను, అదే భోంగా, కూస్తేనే తెల్లారినట్టు. పొద్దును బట్టి గడియారం తిప్పే ఊరుంటుందంటే ఐలమ్మ నమ్మలేదు.

"పొద్దు లేదు, గిద్దు లేదు పిలగా. మా తల్లిగారూరు రాజురాను నిజాం దిక్కుకెల్లి తీసి బొంబాయికిచ్చిండ్రు. నాందేడ్‌ల పెట్టిండ్రు. మల్ల చాందాల కలిపిండ్రు. చేతులు మారినప్పుడల్ల ఏదో ఒకటి తక్కువైతది. ఈపారి గంట పోయింది," అంది ఐలమ్మ. పోయిన గంట తెచ్చుకుంటానని కొంగు నడుముకు దోపి కచేరీకి బయల్దేరింది.

దారిలో నర్సక్క ఎదురై విషయం అడిగింది. నర్సక్కకు చెబితే ఊరికి చాటింపు వేసినట్టే. సర్కారు గంట మింగిందన్న మాట గని గేటు దగ్గరికి చేరింది. గంట పోతే డ్యూటీలో కూడా గంట పోవాలి కదా అని కూలీలు కదిలారు. ఐలమ్మ కచేరీ మెట్లెక్కేసరికి వెనక సగం లాల్‌పేట్ ఉంది.

కచేరీ పెద్ద సాహెబు బల్లమీది నిమ్మకాయను చేత్తో తిప్పుతూ భూమి ఎలా తిరుగుతుందో మరాఠీలో చెప్పాడు. వెంట వచ్చిన ప్రహ్లాద్ దాన్ని తెలుగులో చెప్పాడు. ఐలమ్మ అంతా విని మెట్లమీద బాసింపట్లు వేసుకుని కూర్చుంది.

"నిమ్మకాయ మంచిగనే తిరిగింది సాబ్. నా గంటియ్యి, పోత."

ఎండ ముదిరింది, జనం పెరిగారు. సాహెబుకు ఓపిక అయిపోయి తన ఫోనే ఆమె చేతిలో పెట్టి అస్సాం కలిపించాడు. అవతల సారక్క పొద్దుటినుంచి గని ఆఫీసు అరుగు దిగనని కూర్చునే ఉంది. తల్లికి తగ్గ కూతురే.

"అమ్మా, గింత ఆలస్యమా? పన్నెండైతుంది!"

"పదకొండే గదనే."

"పన్నెండమ్మా. ఈడ వాన గూడ పడుతుంది."

"ఈడ నెత్తి మాడుతుంది. పదకొండే!"

ట్రంకు కాల్‌కిచ్చే మూడు నిమిషాలూ దీనికే సరిపోయాయి. టైము అయిపోయిందని ఆపరేటరు హెచ్చరించాక ఐలమ్మకు పేరు గుర్తొచ్చింది. "పోశం!" అని అరిచింది. కచేరీ అంతా విన్నది. సారక్క విన్నదో లేదో తెలియలేదు, లైను తెగిపోయింది.

ఐలమ్మ బువ్వ సరిగా తినక వారం గడిపింది. అప్పుడు కార్డు వచ్చింది. ప్రహ్లాద్ చదివాడు. అమ్మ మాట ప్రకారమే పేరు పెట్టామని, పోశమ్మ చక్కగా పాలు తాగుతోందని, ముక్కు మాత్రం రుక్కమ్మదేనని రాశారు.

పోశమ్మ ఎవరని ఐలమ్మ అడిగింది. మనవరాలన్నాడు ప్రహ్లాద్. సర్కారునే నిలదీసిన ఐలమ్మకు, పుట్టింది ఆడపిల్లా మగపిల్లాడా అని అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు.  ఇప్పుడు తెలిసొచ్చి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, లాల్‌పేట్ అంతా చక్కెర పంచింది.

పోయిన గంట సంగతి మాత్రం కచేరీలో ఇంకా విచారణలోనే ఉంది.