డీఫ్రాగ్ అధికారి జుంటప్ప

ఒక పెద్ద అడవిలో పులి ఎదురైనా నిలబడి మాట్లాడేవాళ్లు ఉన్నారు గానీ, కంప్యూటర్ ఎదుట నోరెత్తేవాళ్లు లేరు. ఏ గుహ ఎవరిది, ఏ చెట్టు ఎవరిది, అన్నీ అందులోనే ఉండేవి. అందులో ఎక్కనిది అడవిలో లేనట్టే లెక్క.

ఆ కంప్యూటర్ ఉన్న ఆఫీసులో డీఫ్రాగ్ అధికారి జుంటప్ప అనే ఎలుగుబంటి. అక్కడి పాత హార్డ్ డిస్కు గిర్రున తిరిగేది. ఫైలు ముక్కలై తలో మూలా పడి ఉంటే, వెతికి తెచ్చేసరికి దానికి ఆయాసం వచ్చేది. ఆ ముక్కల్ని ఒకచోటికి చేర్చడాన్నే డీఫ్రాగ్ అంటారు, అదే జుంటప్ప పని. నెలకోసారి బటన్ నొక్కి, తెర మీద ఎర్రగళ్లు నీలంగా మారేదాకా గంభీరంగా కూర్చునేవాడు. ఆ రోజు ఆఫీసుకి సెలవు. అడవంతా వచ్చి వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ గళ్లు చూసేది. ఈ మహత్కార్యానికి గాను అతనికి తేనెపట్టున్న ఇప్పచెట్టు ఒకటి ఇచ్చారు. ఆ చెట్టంటే జుంటప్పకి ప్రాణం.

ఒకరోజు డిస్కుల వ్యాపారి నక్క కామేశం వచ్చి, పాత డిస్కు తీసేసి ఎస్.ఎస్.డి. అనే కొత్తరకం డిస్కు బిగించి చేతులు దులుపుకున్నాడు.

"దీంట్లో తిరిగేదేమీ లేదండి మహారాజా. ముక్క ఎక్కడున్నా చిటికెలో తెస్తుంది. ఇక డీఫ్రాగ్ అక్కర్లేదు. పైగా ఊరికే చెరిపి రాస్తుంటే దీని ఆయుష్షు అరిగిపోతుంది. మామూలుగా వాడుకుంటే ఏళ్ల తరబడి ఢోకా లేదు."

జుంటప్ప తనలో లెక్క వేసుకున్నాడు. డీఫ్రాగ్ లేకపోతే అధికారి ఎందుకు? అధికారి లేకపోతే ఆ చెట్టెందుకు?

"మహారాజా, ఈ మాట చెప్పేదెవరో ఒక్కసారి చూడండి" అన్నాడు.

సింహం రాజుగారు చూశారు. నిజానికి కామేశం పుట్టి బుద్ధెరిగాక చెప్పిన మొదటి నిజం అదే. అదీ డిస్కుకి గ్యారంటీ ఇచ్చిన పాపానికి చెప్పాల్సి వచ్చింది.

"నక్క వద్దంటోందంటే ఇందులో ఏదో మతలబు ఉంది" అన్నారు రాజుగారు. "చెయ్యవయ్యా జుంటప్పా! నెలకోసారి కాదు, రోజూ చెయ్యి!"

"అయ్యా, నా మాట..."

"నువ్వు నోర్ముయ్ కామేశం!"

ఇంకేం, పొద్దున ఒక డీఫ్రాగ్, భోజనాలయ్యాక ఒక డీఫ్రాగ్. రోజూ సెలవే. ఏ గడి ముందు నీలమవుతుందో అని రాజుగారు కుందేలుతో పందెం కాసేవారు. గెలిచినా ఓడినా కుందేలుకే భయం.

"వేగం ఏమన్నా పెరిగిందా అన్నయ్యా?" అని జుంటప్పని అడిగింది టైపిస్టు కొంగ సుభద్రమ్మ.

"ఎలా పెరుగుతుందమ్మా, అది ముందే వేగం కదా!"

"మరి ఎందుకు చేస్తున్నట్టు?"

"చూడ్డానికి ఎంత పొందిగ్గా ఉందో చూడు!"

ఈ హడావుడిలో జుంటప్పకి తేనె నాకే తీరికే దొరకలేదు. ఒకనాడు చెట్టు దగ్గరికెళ్లి చూస్తే, తేనెటీగలు పట్టు ఖాళీ చేసి పోయాయి. పాపం, కళ్లనీళ్ల పర్యంతమయ్యాడు. కానీ ఆ మధ్యాహ్నమే రాజుగారు సభలో అతని భుజం తట్టారు.

"ఇవాళ్టి నుంచి నువ్వు ముఖ్య డీఫ్రాగ్ అధికారివి. ఏటి ఒడ్డున కొమ్మకో తేనెపట్టున్న మద్దిచెట్టు నీదే. అమ్మాయ్, ఎక్కించు!"

సుభద్రమ్మ ముక్కుతో టకటకా కొట్టింది. మెడ సాచి తెర చూసింది. మళ్లీ కొట్టింది.

"ఎక్కడం లేదండీ. చదవనిస్తోంది గానీ రాయనివ్వడం లేదు."

కామేశాన్ని పట్టుకొచ్చారు. "అరిగిపోయింది మహారాజా. పాతది చూపిస్తుంది, కొత్తగా ఒక్క అక్షరం పట్టదు. ఇన్ని డీఫ్రాగులు చేస్తే గ్యారంటీ వర్తించదు."

"అయితే కొత్తది తేవయ్యా!"

"దానికేం భాగ్యం! కొనుగోలు ఉత్తర్వు కంప్యూటర్లో ఎక్కించండి, తెల్లారేసరికి తెచ్చి పెడతాను."

అందరూ సుభద్రమ్మ వైపు చూశారు. సుభద్రమ్మ పైకప్పు వైపు చూసింది.

"ముందు ఈ జుంటప్పని ఉద్యోగంలోంచి తీసెయ్యండి!" అని గర్జించారు రాజుగారు.

"అదీ ఎక్కడం లేదండీ."

తెర మీద ఒక్క ముక్క చెదరకుండా పొందిగ్గా కనిపిస్తోంది: డీఫ్రాగ్ అధికారి జుంటప్ప, ఇప్పచెట్టు ఒకటి, తేనెపట్టు ఒకటి.

జుంటప్ప వెళ్లి ఆ చెట్టెక్కి ఎండిన పట్టుని నాకి చూశాడు. మైనం పళ్లకి అంటుకుంది. ఇప్పటికీ అతను ఆ హోదాలో, ఆ చెట్టు మీదే ఉన్నాడు.

నీతి: అక్కర్లేని పని శ్రద్ధగా చేసేవాడి ఉద్యోగం ఎన్నటికీ పోదు, తేనె ఒక్కటే పోతుంది.