చలపతిరావుగారి గొడుగు, గౌరయ్య ద్రాక్షతోట

శివరాత్రి నుంచి ఉగాది దాకా మా శామీర్‌పేటలో ఉండే వాతావరణాన్ని తిట్టుకునేవాళ్లంతా కృతఘ్నులు! ఎవరేమనుకున్నా సరే, ఈ మాట గట్టిగానే చెప్పదలచుకున్నాను.

మీరే చూడండి. మిగతా ఊళ్లలో ఏడాదికి మూడు కాలాలు. ఒకటి పోయి ఇంకొకటి రావాలంటే నాలుగు నెలలు కాచుకుని కూర్చోవాలి. మాకా అవస్థ లేదు. పొద్దున ఆరింటికి చెరువు మీంచి మంచు వస్తుంది. పదింటికి మాడు పగిలే ఎండ. మూడింటికి మబ్బు, ఐదింటికి గాలిదుమారం, దాని వెనకే వడగళ్లు. ఏడింటికి మళ్లీ చలి. ఏడాది పొడుగునా పడాల్సిన పాట్లన్నీ ఒక్కరోజులో పడేసి, భోంచేసి పడుకోవచ్చు. ఇంత పొదుపు ఇంకే ఊళ్లో ఉంది?

ఫ్యాను ఐదులో తిప్పుకుంటూ రగ్గు కప్పుకునే సంసారాలు మీరెక్కడైనా చూశారా? మా దగ్గర ప్రతి ఇంటా అదే. మా డాక్టరు వడదెబ్బకీ జలుబుకీ ఒకే చీటీ మీద మందు రాస్తాడు. ఒకసారి ఓ పెళ్లిలో అతిథులు శాలువాలు కప్పుకుని శుభలేఖలతో విసురుకున్నారు. తాళి కట్టే వేళకి టెంటు పక్క పెళ్లివారి మీద పడింది. రెండు పెళ్లిళ్లూ ఒకే టెంటు కింద అయిపోయాయి, రెండు వైపులవాళ్లూ ఇప్పటికీ రాకపోకలు సాగిస్తున్నారు. చుట్టరికాలు కలిపే వాతావరణం ఇది!

టీవీలో వార్తలు చదివేవాళ్లకి కూడా మా ఊరంటే ఎంతో గౌరవం. జల్లులు పడవచ్చు, పడకపోవచ్చు అని చెప్పి నమస్కారం పెట్టేస్తారు.

ఈ వాతావరణంతో అందరికంటే దగ్గర సంబంధం కలిగినవారు చలపతిరావుగారు. రాజమండ్రి మనిషి. సిటీలో ఓ ఆఫీసులో హెడ్ క్లర్కు. తొంభై అయిదులో మా లేక్ వ్యూ కాలనీలో ఇల్లు కట్టుకుని భార్య కామేశ్వరమ్మగారితో దిగారు. మేడ ఎక్కి, నీళ్ల ట్యాంకు ఎక్కి, దాని మీద స్టూలు వేసుకుంటే చెరువు కనిపిస్తుంది కాబట్టి కాలనీకి ఆ పేరు.

గోదావరి ఒడ్డున పుట్టిన మనిషికి మా వాతావరణం మొదట్లో మింగుడుపడలేదు. వాళ్ల ఊళ్లో వాన వస్తానంటే ముందు కబురు చేసి వచ్చేదట. అందుకని ఆయన మొదటి ఏడాది ఒక సంచీ తయారు చేశారు. అందులో స్వెట్టరు, మంకీ క్యాపు, తువ్వాలు, మజ్జిగ సీసా, విసనకర్ర, పైన గొడుగు. వారం తిరిగేసరికి బస్సు కండక్టరు ఆ సంచీకి లగేజీ టికెట్టు కొట్టాడు. దాంతో చలపతిరావుగారు పౌరుషానికి పోయి మిగతావన్నీ ఇంట్లో పడేసి, గొడుగు ఒక్కటి ఉంచుకున్నారు. అదీ గుర్తున్నప్పుడు తీసుకెళ్లేవారు, లేనప్పుడు లేదు.

అసలు కథ ఇక్కడే మొదలైంది.

శామీర్‌పేట బస్టాపు దగ్గర జంగయ్యది టీ హోటలు. ఎదురుగా బస్సు కోసం నిలబడేవాళ్లను చూడటం తప్ప అతనికి వేరే కాలక్షేపం లేదు. అలా మూడేళ్లు చూసిచూసి ఒక సంగతి కనిపెట్టాడు. చలపతిరావుగారు గొడుగుతో వచ్చిన రోజు చినుకు పడదు. గొడుగు లేకుండా వచ్చిన రోజు సాయంత్రానికి ఆకాశానికి చిల్లు పడుతుంది. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, మూడేళ్లు! శాటిలైట్లు పంపించేవాళ్లు ఇంతకంటే ఏం చేస్తున్నారు?

ఈ సంగతి జంగయ్య మొట్టమొదట గౌరయ్యకి చెప్పాడు. ఎందుకంటే వానతో అందరికంటే ఎక్కువ పని గౌరయ్యకే.

మా కాలనీ గోడకి అవతల గౌరయ్యది ద్రాక్షతోట. రాతి కడీలు పాతి, ఇనపతీగెలు గుంజి, వాటి మీద పాకించిన పందిళ్లు. ఆ రోజుల్లో మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఎటు చూసినా ద్రాక్షపందిళ్లే. కోత సరిగ్గా శివరాత్రి తర్వాత. కాయలో తీపి దిగే ఆఖరి ఇరవై రోజులు ఒక్క వాన పడితే పండు పగిలి కుళ్లిపోతుంది. వడగళ్లు పడితే ఏడాది కష్టం అరగంటలో నేలపాలు. ఆ ఇరవై రోజులూ గౌరయ్య అన్నం తింటూ కూడా ఆకాశంకేసే చూసేవాడు. భార్య వజ్రమ్మ కంచంలో ఏం పెట్టిందో అతనికి తెలిసేది కాదు.

ఒక ఆదివారం పొద్దున్నే దంపతులిద్దరూ గంపెడు పళ్లతో చలపతిరావుగారి గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"సారూ, మీరు గొడుగు తెచ్చిన్నాడు వాన రాదు. తేనినాడు కొట్టుకుంట వస్తది. ఇగ ఇరవై దినాలల్ల పండు కోస్తం. గీ ఇరవై దినాలు మీరు గొడుగు ఇడువకుండ్రి. మీ కాల్మొక్త," అన్నాడు గౌరయ్య.

చలపతిరావుగారు బీఎస్సీ ఫిజిక్సు. గొడుక్కీ మేఘాలకీ ఎటువంటి సంబంధమూ ఉండదని, తేమ, పీడనం, గాలివాలు మొదలైనవి ఉంటాయని పావుగంట వివరించారు. గౌరయ్య చేతులు కట్టుకుని భక్తిగా విన్నాడు. విని, మరి గొడుగు తీసుకెళ్తారు కదా అని అడిగాడు. పళ్లగంప అప్పటికే లోపలికి తీసుకెళ్లిపోయిన కామేశ్వరమ్మగారు వంటింట్లోంచే, పట్టుకెళ్తే చెయ్యేమీ అరిగిపోదుగా అన్నారు. ఫిజిక్సు ఓడిపోయింది.

మర్నాటి నుంచి చలపతిరావుగారు వాన లేని రోజుల్లో గొడుగు పట్టుకెళ్లే ఉద్యోగంలో చేరారు. జీతం లేని ఉద్యోగం, కానీ బాధ్యత తక్కువేం కాదు. బస్టాపులో జంగయ్య ముందు గొడుగు చూసేవాడు, తర్వాతే టీ పోసేవాడు. పక్క తోటలవాళ్లు కూడా వచ్చి గొడుగు చూసి వెళ్లేవారు. ఎండలో గొడుగు మూసి ఉంచాలా, తెరిచి ఉంచాలా అనే విషయంలో రైతుల్లో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఆయన ఇద్దరినీ నొప్పించలేక సగం తెరిచి పట్టుకున్నారు.

ఆదివారాలు ఆఫీసు లేదు కదా, మరి ఆ రోజు తోట గతేమిటి? అందుకని సరిగ్గా మూడింటికి, మబ్బు పట్టే వేళకి, గొడుగు వేసుకుని తోట చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసేటట్టు ఏర్పాటైంది. వజ్రమ్మ వెనకాలే మంచినీళ్ల చెంబుతో నడిచేది.

ఆఫీసులో పై అధికారి, ఈ ఎండలో రోజూ గొడుగేమిటని అడిగాడు. చలపతిరావుగారు నిజం చెప్పలేక, అబద్ధం ఆడలేక, తోట ఉందండీ అన్నారు. సాయంత్రానికి ఆయన శామీర్‌పేటలో ద్రాక్షతోట కొన్నారని ఆఫీసంతా పాకింది. అందరూ వచ్చి చేతులు కలిపి స్వీట్లు తిన్నారు. ఆ స్వీట్లు ఆయనే తెప్పించాల్సివచ్చింది.

ఇదంతా మూఢనమ్మకం అంటారా? కావచ్చు. ఆ ఏడాది కోత అయ్యేదాకా చినుకు పడలేదు. ఆ పై ఏడూ పడలేదు. ఫిజిక్సు చదివిన చలపతిరావుగారు కూడా గొడుగు లేకుండా గుమ్మం దిగడానికి జంకడం మొదలుపెట్టారు.

మూడో ఏడు మాత్రం ఘోరం జరిగింది. సాయంత్రం కరీంనగర్ బస్సెక్కి ఇంటికొస్తూ, కిటికీ పక్కన కునుకు తీసి, శామీర్‌పేట రాగానే ఉలిక్కిపడి దిగిపోయారు. గొడుగు మాత్రం కరీంనగర్ ప్రయాణం కొనసాగించింది.

జంగయ్య ఆయన ఖాళీ చేతులు చూశాడు. తలెత్తి ఆకాశం చూశాడు. పడమట నల్లగా లేస్తోంది. పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి, చలపతిరావుగారిని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని బస్సు వెంట పడ్డాడు. తుర్కపల్లి దాటారు, ములుగు దాటారు. చివరికి ప్రజ్ఞాపూర్‌లో బస్సు ఆగి ఉంది. ఆ ఊళ్లో చుక్క వాన లేదు! గొడుగు ఎక్కడ ఉందో అక్కడ ఆకాశం అద్దంలా ఉంది. వీళ్లు గొడుగు పట్టుకుని తిరిగొచ్చేసరికి శామీర్‌పేట రోడ్డు మీద వడగళ్లు కరుగుతున్నాయి.

గౌరయ్యవి రెండు పందిళ్లు పోయాయి. గుత్తులు బురదలో పడి ఉన్నాయి. చలపతిరావుగారు తోట గట్టు మీద నిలబడి, ఆఫీసులో తప్పు దొరికిన గుమాస్తాలాగా చేతులు నలుపుకున్నారు. ఆ రోజు ఆయన ముద్ద ముట్టలేదు.

"మీ తప్పేంది సారూ, బస్సు ఆగకపాయె. మిగిలింది కోసుకుంటం తియ్యుండ్రి," అని గౌరయ్యే ఆయన్ని ఓదార్చి ఇంటి దాకా దిగబెట్టాడు.

ఆ మర్నాడే ఆయన గొడుక్కి తాడు కట్టి భుజాన తగిలించుకున్నారు. ఇంకో అయిదేళ్లు ఆ తాడు తెగలేదు. తోట బతికింది. ప్రతి ఏటా కోత మొదలైన రోజు మొదటి గుత్తి గొడుగు మీద పెట్టి, తర్వాత ఆయన చేతికిచ్చేవారు. వాతావరణం రోజుకి నాలుగుసార్లు మారబట్టే కదా గోదావరి మనిషికీ శామీర్‌పేట రైతుకీ ఇంత స్నేహం కుదిరింది! ఇప్పుడు చెప్పండి, ఇది వరం కాదా?

రెండువేల అయిదులో శివరాత్రి వెళ్లిన మర్నాడు చలపతిరావుగారు ఎప్పటిలాగే గొడుగుతో బస్టాపుకి వచ్చారు. గౌరయ్య అక్కడే ఉన్నాడు. ఆకాశంకేసి చూడటం లేదు.

"ఇగ గొడుగు అక్కెర లేదు సారూ," అన్నాడు. "అమ్మేసినం."

ఆ చుట్టుపక్కల తోటలన్నీ అప్పటికే ఒక్కొక్కటిగా ప్లాట్లయ్యాయి. బోర్లు ఎండిపోయాయి. కొడుకు రమేష్‌కి తీగెలు కత్తిరించడం రాదు, రావాలనీ లేదు. సోమవారం జేసీబీలు వస్తాయట.

సోమవారం చలపతిరావుగారు ఆఫీసుకి సెలవు పెట్టారు. పొద్దున లేస్తూనే గొడుగు బీరువాలో పెట్టి తాళం వేశారు. అది చాలదనిపించి దండెం నిండా బట్టలు ఆరేయించారు. మేడ మీద చాపలు పరిచి వడియాలు పెట్టమన్నారు. కామేశ్వరమ్మగారు ఎందుకని అడగకుండా పెట్టేశారు. వాన వేటి మీద కక్షగట్టి పడుతుందో, అవన్నీ ఆయన సిద్ధం చేశారు. ఒక్క గంట కురిస్తే నల్లరేగడి బురదవుతుంది, బండి దిగబడుతుంది, ఒక్కరోజైనా ఆగుతుంది. బీఎస్సీ ఫిజిక్సు మనిషి ఉత్త చేతులతో వెళ్లి గట్టు మీద నిలబడి, పడమటికేసి చూస్తూ పది గంటలు గడిపారు.

పదేళ్లుగా పూటకో వేషం వేసిన ఆకాశం ఆ రోజు పొద్దున ఎలా ఉందో సాయంత్రం దాకా అలాగే ఉంది. మూడింటికి మబ్బు లేదు. ఐదింటికి గాలి లేదు. బట్టలు ఆరాయి, వడియాలు ఎండాయి. ఆరింటికల్లా జేసీబీల కింద తోట పని అయిపోయింది.

గౌరయ్య కూడా ఆ గట్టు మీదే కూర్చుని ఉన్నాడు. కాసేపటికి తలపాగా తీసి ముఖం తుడుచుకుని, మామూలుగా ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు.

"మీ ఇంటి జాగల మా అన్న తోట ఉండె సారూ. అది తీసేసిన్నాడు గూడ గిట్లనే ఎండ గొట్టింది."

ఇల్లు కట్టించేటప్పుడు పునాదిలో బొటనవేలంత లావు వేర్లు వచ్చాయి. ఏ చెట్టువని మేస్త్రీని అడగాలని అప్పుడు చలపతిరావుగారికి తోచలేదు.

అందుకే మళ్లీ మనవి చేస్తున్నాను, మా వాతావరణాన్ని తిట్టకండి. ఇప్పుడది పూర్తిగా వరమే. వడగళ్లు పడితే కాలనీవాళ్లంతా స్టీలు గిన్నెలు పట్టుకుని బయటికి పరిగెత్తి ఏరుకుంటున్నారు. ద్రాక్షపందిళ్ల రాతి కడీలే ప్లాట్లకి హద్దురాళ్లయ్యాయి, కాబట్టి ఏదీ వృథా పోలేదు. చలపతిరావుగారు శివరాత్రి తర్వాత గొడుగు పట్టుకెళ్లడం మానేశారు. రోజూ తడిసి ఇంటికొస్తున్నారు. వాన దాని ఇష్టం వచ్చినప్పుడు కురుస్తోంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు.