రెండు వందల గొర్రెల అనుభవం

సోమవారం పొద్దున దీక్షిత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కెనడాలోని గ్వెల్ఫ్ ఊరి చివర ఉన్న గొర్రెలు, పశువుల రైతుల సహాయ కేంద్రానికి బస్సులో వెళ్ళాలి. దాణా పట్టికలు, నట్టల మందు తేదీల పుస్తకాలు కవర్లలో పెట్టి రైతులకు పోస్టు చేయాలి. అయిదు రోజులు నోరు మెదపకుండా గడిపేసి, శుక్రవారం కాలేజీవాళ్ళిచ్చిన ప్లేస్‌మెంట్ ఫారం మీద సంతకం పెట్టించుకోవాలి. ఆ సంతకం లేకపోతే సెమిస్టర్ పోతుంది. సెమిస్టర్ పోతే స్టడీ పర్మిట్‌కే ఎసరు. ఆ ఏడాది గ్వెల్ఫ్‌లో ఎక్కడ చూసినా మన పిల్లలే. బర్గర్ కొట్టులో ఒక్క ఖాళీ ఉందంటే క్యూ పక్క వీధి దాకా పోయేది. ఎవరూ అప్లై చేయని చోటు ఇదొక్కటే మిగిలింది.

చేయకపోవడానికి కారణం లేకపోలేదు. గొర్రెల అనుభవం ఉన్నవాళ్ళకే ప్రాధాన్యం అని ప్రకటనలో రాశారు మరి. కూకట్‌పల్లిలో పుట్టి పెరిగిన దీక్షిత్‌కు గొర్రెతో పరిచయమంతా పళ్ళెంలోనే. అయితే అతనికి పండు అనే రూమ్మేటు ఉన్నాడు. తణుకు నుంచి వచ్చిన పండు ఆ ఇంటికి ఆస్థాన రెజ్యూమె రచయిత.

"ఎక్స్‌పీరియన్స్ లేదని ఎవడైనా రాసుకుంటాడేంట్రా? ముందు ఆ కాఫీ షాపు గోల తీసెయ్, చీప్‌గా ఉంది" అన్నాడు పండు. హైదరాబాదులో దీక్షిత్ రెండేళ్ళు నిజంగా చేసిన ఉద్యోగాన్ని కొట్టేసి, "నాలుగేళ్ళు, రెండు వందల గొర్రెలు" అని రాశాడు. కొట్టేసినదాన్ని మాత్రం వృథా పోనివ్వలేదు. రెండేళ్ళను మూడేళ్ళు చేసి పై గదిలో ఉండే వర్ష రెజ్యూమెలో అతికించాడు. దాంతో ఆమెకు కాఫీ కొట్టులో పని దొరికింది.

సహాయ కేంద్రం నడిపే లిండా గుమ్మంలోనే ఎదురొచ్చింది. "రెండు వందల గొర్రెల మనిషివి నువ్వేనా! ఇది గొర్రెలు ఈనే కాలం, ఫోన్లు ఆగవు. కవర్ల సంగతి తర్వాత, ముందు హెల్ప్‌లైన్‌లో కూర్చో" అని ఇంగ్లీషులో హడావిడి చేసి ఫోను ముందు కూర్చోబెట్టింది.

మొదటి ఫోను ఒక ముసలి రైతుది. కవల పిల్లల్లో ఒకదాన్ని తల్లి దగ్గరికి రానివ్వడం లేదట, తలతో కుమ్మేస్తోందట. దీక్షిత్ రెండు నిమిషాలు ఆగమని చెప్పి, బాత్రూంలో దూరి, ఇంటి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: "గొర్రె పిల్లకు పాలిస్తలేదు. ఏం చేయాలి? అర్జెంట్!"

"బిర్యానీ" అని పండు జవాబిచ్చాడు.

ఆ వెంటనే వర్ష నుంచి పెద్ద మెసేజ్ వచ్చింది. "తల్లిని ఇరుకు దొడ్లె పెట్టి, తల కదలకుండ పట్టుకొని పిల్లను పొదుగు కాడ విడవమను. దాని పాలే పిండి పిల్ల వీపుకు, తోకకు రుద్దాలె. వాసన పట్టినంక ఒప్పుకుంటది. అందాంక సీసా పాలు తాపమను."

'అబ్బ, గూగుల్‌లో భలే వెతికిందే' అనుకుని దీక్షిత్ దాన్ని ఇంగ్లీషు చేసి అప్పజెప్పాడు.

మర్నాడు ఆ ముసలాయన ఫోన్ చేసి, పిల్ల కడుపునిండా తాగుతోందని ఆనందంతో అరిచాడు. ఆ మాట పొలం నుంచి పొలానికి పాకింది. బుధవారానికల్లా అందరూ "ఆ ఇండియా అబ్బాయినే ఇవ్వండి" అనడం మొదలుపెట్టారు. దూడకు విరేచనాలంటే బాత్రూం, ఆవు మేత ముట్టడం లేదంటే బాత్రూం. గురువారం లిండా జాలిగా చూసి, "పాపం, కడుపు బాగాలేదా?" అని అల్లం టీ తెచ్చిచ్చింది. అతని డబ్బాలోని ఆవకాయను మాత్రం తీసి ఫ్రిజ్‌లో దాచేసింది.

సాయంత్రం వెళ్ళబోతుంటే పిలిచింది. "రేపు పొలంలో నలభై మంది రైతులతో మీటింగ్ ఉంది. నువ్వు గొర్రెను పట్టి, కూర్చోబెట్టి, గిట్టలు కత్తిరించి చూపించు. అది అవగానే నీ ఫారం మీద సంతకం పెట్టేస్తా."

ఇంటికి రాగానే దీక్షిత్ పండును దుప్పటిలో చుట్టి కార్పెట్ మీద వంగోబెట్టాడు. యూట్యూబ్ చూస్తూ మెడ పట్టుకుని లాగాడు.

"ఒరేయ్, నా నడుం! నేను ఎమ్మెస్సీ చేశాన్రా!"

"రాసింది నువ్వే కదరా, అనుభవించు!"

ఆ గోలకు వర్ష కిందికి వచ్చి పడీపడీ నవ్వింది. "గట్ల పడితే అది నిన్నే ఎత్తేస్తది. రేపు నేను కూడ వస్తా, ఈ తమాషా చూడాలె."

"నీకు డ్యూటీ లేదా?"

"తీసేసిండ్రు. పాలు కాగబెట్టే మెషిన్‌తోని కస్టమర్ కోటు తడిపిన. మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ అని రాస్తివి గద పండూ" అంది. నవ్వుతూనే చెప్పింది గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పండు దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

శుక్రవారం పొలంలో మంచు కరిగి బురదగా ఉంది. దొడ్లో ఉన్న గొర్రె దీక్షిత్ కన్నా బరువుగా ఉంది. దీక్షిత్ దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎదురుగా వెళ్ళి రెండు చేతులా ఉన్ని పట్టుకున్నాడు. గొర్రె బయల్దేరింది, దీక్షిత్ కూడా దాంతోపాటే బయల్దేరాడు. నలభై మంది రైతులు నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా దొడ్డి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తయింది.

"ఉన్ని ఇడ్సిపెట్టు, దానికి నొస్తది!" అని అరుస్తూ వర్ష కంచె దూకింది. పక్కనుంచి వెళ్ళి దవడ కింద ఒక చెయ్యి, డొక్క కింద ఒక చెయ్యి వేసి, మోకాలు ఆనించి మెలి తిప్పింది. గొర్రె బుద్ధిగా కూర్చుండిపోయింది. వర్ష కత్తెర అందుకుని నాలుగు గిట్టలూ కత్తిరించేసింది. చప్పట్లు మోగాయి.

దీక్షిత్‌కు ఏడుపొక్కటే తక్కువ. బురదలోంచి లేచి లిండా దగ్గరికి వెళ్ళాడు. "మేడం, నాకు గొర్రెల గురించి ఏమీ తెలీదు. ఫోన్లో చెప్పిందంతా ఈ అమ్మాయే" అనేసి, మరి అక్కడ నిలబడలేక షెడ్డులోకి పోయాడు. అక్కడ కాఫీ మెషిన్ మొరాయిస్తోంది. చేతులు కడుక్కుని, ఊరకే ఉండలేక దాన్ని విప్పి, తుడిచి, నలభై మందికీ కాఫీ కలిపాడు.

లిండా ఒక గుక్క తాగి ఆగింది. "ఇదెక్కడ నేర్చుకున్నావ్?"

"హైదరాబాద్‌లో మేడం. రెండేళ్ళు కాఫీ షాపులో చేశా."

"రెజ్యూమెలో రాయలేదే?"

"చీప్‌గా ఉంటుందని..."

ఆవిడ వర్ష వైపు తిరిగింది. వర్ష తల దించుకుని, సిగ్గుతో తెలుగులోకి దిగి, "మా నాయినకు మంద ఉంది. గొర్లు కాసిన అంటే నవ్వుతరని రాయలే. రెండు వందలు కావు, నూట ఎనభై" అంది. దీక్షిత్ ఇంగ్లీషులో చెప్పాడు.

లిండా దీక్షిత్ వైపు తిరిగి నిట్టూర్చింది. "పొట్టేళ్ళ పాల దిగుబడి ముప్ఫై శాతం పెంచానని నీ రెజ్యూమెలో చూసినప్పుడే అనుమానం వచ్చింది. నువ్విచ్చిన సలహాలు విని, పోనీ మీ దేశంలో పొట్టేళ్ళు ఇస్తాయేమో అనుకున్నాను!"

వర్షకు హెల్ప్‌లైన్‌లో ఉద్యోగం ఇచ్చింది. దీక్షిత్ ఫారం మీద 'కవర్లు, కాఫీ, ఇంగ్లీషులో చెప్పడం' అని ఉన్నదున్నట్టు రాసి సంతకం పెట్టింది. ఆవకాయ కూడా తిరిగిచ్చింది.

పండుకు మాత్రం ఇంకా ఉద్యోగం రాలేదు. తన రెజ్యూమెలో అతను అన్నీ నిజాలే రాసుకున్నాడు.