రాజుగారి పద్నాలుగో గడి

ఒక పెద్ద అడవిలో, అంటే మూడుసార్లు ఒంటరిగా దాటిన నేను తప్ప ఇంకెవరూ కొలత చెప్పలేనంత పెద్ద అడవిలో, ఒక సింహం రాజ్యం చేసేది. అది గర్జిస్తే మూడు కొండల అవతల పొయ్యి మీద పాలు విరిగేవి. విరిగిన ఆ పాలు నేను దగ్గితే మళ్ళీ కలిసేవి, అది వేరే కథ.

వయసు మీదపడి సింహానికి ఒక్కటి తప్ప కోరలన్నీ రాలాయి. పరుగూ పోయింది. గర్జన ఒక్కటే మిగిలింది. ఈ సంగతి గుహలోవాళ్ళకూ, మంత్రి నక్కకూ తప్ప బయట ఎవరికీ తెలియదు.

రాజుగారి ఆకలికి నక్క ఒక ఉపాయం కనిపెట్టింది. పాత సర్క్యులర్ ఒకటి దుమ్ము దులిపి, చివర రెండు మూడు గడులు కలిపి, తేదీ మార్చి బళ్ళన్నిటికీ పంపింది. ప్రతి బడీ పిల్లల ప్రగతిని పద్నాలుగు గడుల్లో నింపి, అందరికీ కనబడేలా అడవి నడుమ ఉన్న పెద్ద టేకుమానుకు అంటించాలి. గడువు దాటినా, అబద్ధం రాసినా బడి గుర్తింపు రద్దు. మినహాయింపు ఎవరికీ లేదు.

జింకల బడి నడిపే దుప్పి కొమ్మయ్య మాస్టారికి ఆ ఫారం చూశాక మేత సయించలేదు. పరుగులో ఎన్నో స్థానం, బరువెంత, ఏ దారిన ఇంటికి వెళ్తుంది, ఇవీ గడులు. ఆయన బడిలో చుక్కమ్మ అని ఒక పిల్ల. ముందుకాలు వంకర, పరుగులో ఆఖరు, ఒళ్ళు మాత్రం నిండుగా ఉంటుంది. ఆ వివరాలు టేకుమాను ఎక్కాయంటే చుక్కమ్మ రాజుగారి విస్తట్లో పడ్డట్టే.

మాస్టారు నక్క దగ్గరికి వెళ్ళాడు.

"బరువెందుకండీ మంత్రిగారూ?"

"పౌష్టికాహార పథకానికి, మాస్టారూ."

"ఎవరి పౌష్టికాహారానికి?"

"అది తరవాతి సర్క్యులర్‌లో వస్తుంది."

ఇంటికొచ్చి మాస్టారు ఆ కాగితాన్ని ఆసాంతం చదివాడు. జారీ చేసిన నక్క కూడా అంత పని చేయలేదు. చదివి, తిన్నగా రాజుగారి గుహకు నడిచాడు. అక్కడ సింహం పిల్లలకు చదువు చెప్పేది ఒక దుమ్ములగొండి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క గడువూ దాటనిది, పైనుంచి వచ్చిన కాగితమంటే వణికిపోయేది.

"ఫారం ఇచ్చేశారా పంతులమ్మగారూ? గడువు రేపే."

"మా గుహకు కూడానా మాస్టారూ?"

"మినహాయింపు ఎవరికీ లేదట. మీరే చూడండి."

దుమ్ములగొండి చూసింది. చెమట తుడుచుకుంటూ పద్నాలుగు గడులూ ఉన్నదున్నట్టు నింపింది. తెల్లారేసరికి కాగితం టేకుమాను మీద ఉంది.

యువరాజులు ఇద్దరు. వేటలో ఇరవై ప్రయత్నాలు, ఫలితం సున్నా. పరుగులో తాబేలు కంటే కాస్త ముందు. పద్నాలుగో గడి, తల్లిదండ్రుల స్థితి: "తండ్రి, మహారాజు. కోరలు ఒకటి, అదీ కదులుతోంది. పరుగు మానేశారు. గర్జన అలవాటు కొద్దీ."

అడవి అడవంతా మాను చుట్టూ మూగింది. ఆ తొక్కిసలాటలో నలిగిపోతున్న ఏనుగును నేనే ఒంటిచేత్తో పైకి లాగాను. చదువురాని కోతులకు కుందేలు రెండుసార్లు చదివి వినిపించింది, పద్నాలుగో గడి మాత్రం మూడుసార్లు.

ఇంతలో సింహం గర్జిస్తూ వచ్చింది. ఎవరూ కదల్లేదు. చుక్కమ్మ కుంటుకుంటూ ఎదురువెళ్ళింది.

"తాతా, లేత గడ్డి పీకిపెట్టనా? నమలక్కర్లేదు."

సింహం నోరు తెరిచింది. అందరికీ ఆ ఒక్క కోరా కనబడింది. వెంటనే మూసుకుంది.

ఆ సాయంత్రమే నక్క ఉద్యోగం ఊడింది. మర్నాడు కొత్త సర్క్యులర్ వచ్చింది: పిల్లల వివరాలు పరమ రహస్యం, ఎవరూ ఏ గడీ నింపరాదు. కొమ్మయ్య మాస్టారి ఖాళీ ఫారం చుక్కమ్మ నమిలేసింది. అడవి మొత్తంలో గడువులోగా ఫారం ఇచ్చింది తనొక్కతే కాబట్టి దుమ్ములగొండికి సంజాయిషీ నోటీసు అందింది.

నీతి: ప్రజలకు నియమం రాస్తూ ప్రభువుకు మినహాయింపు రాయడం మరిచిన మంత్రి, ఎంత జిత్తులమారి నక్కయినా, గాడిద కిందే లెక్క.