అమావాస్యకు ఆప్షన్ లేదు

రెండువేల ఎనిమిది వేసవిలో, పటమటలోని మా ఇంట్లో, మిక్సీ జారు మూతకు ఉండే రబ్బరు వాషరు కనబడకుండా పోయిన ఘటనపై విచారణ జరిగింది. విచారణాధికారి మావారు రామకోటేశ్వరరావు గారు. ఆయన ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటు. అందువల్ల ఇంట్లో ఏది పోయినా ముందు బాధ్యుల్ని నిర్ధారిస్తారు, ఆ తర్వాతే వెతకడం. ముద్దాయిని నేను.

“మూత కడిగింది ఎవరు?”

“నేనే.”

“వాషరు తీసి కడిగావా, తీయకుండా కడిగావా?”

“తీయకుండా కడిగితే లోపల పాచి పడుతుందండీ.”

“అంటే తీసినట్టు ఒప్పుకున్నావు.”

ఒప్పుకున్నాను. అయినా విచారణ ముగియలేదు. అసలు మిక్సీకి వాషరే అనవసరమనీ, కంపెనీవాళ్లు ఊరికే తగిలిస్తారనీ ఆయన అన్నారు. నేను కాదన్నాను. నిరూపిస్తానని ఉడికిన గోంగూర జారులో పోసి, మూత పెట్టి, స్విచ్చి మూడో నంబరు మీదికి తిప్పారు. గోంగూరలో సగం ఆయన చొక్కా మీదికీ, పావు వంతు గోడ మీదికీ, మిగిలింది మోటారులోకీ వెళ్లింది. మోటారు ఒకసారి దగ్గి ఊరుకుంది. వాషరు అనవసరమన్న అభిప్రాయాన్ని మావారు ఈనాటి వరకు ఉపసంహరించుకోలేదు.

మామూలు రోజుల్లో అయితే ఇదొక పెద్ద విషయం కాదు. కానీ మా అత్తగారు రావమ్మ గారికి అంతకు వారం ముందే ఉన్న పళ్లన్నీ పీకారు. చిగుళ్లు మానాలి, కొలతలు తీయాలి, కొత్త పళ్లు రావడానికి నలభై రోజులు పడుతుందని డాక్టరు గారు సెలవిచ్చారు. అప్పటిదాకా ఏదైనా మెత్తగా రుబ్బి పెట్టాల్సిందే. పాలలో బ్రెడ్డు ముంచి ఇస్తే ఆవిడ గిన్నె పక్కకి జరిపేశారు.

“నాకు పోయింది పళ్లే, నాలుక కాదు. ఆ జబ్బుమనిషి తిండి నాకొద్దు. గోంగూర పచ్చడి చెయ్యి, వెన్నలాగా ఉండాల,” అన్నారు. మిక్సీ లేకపోతే అత్తగారికి ముద్ద దిగదు. దిగాలంటే పెరట్లో బోర్లించిన రోలు తిరగెయ్యాలి, నా భుజం పడిపోవాలి. కాబట్టి వెంటనే కొత్త మిక్సీ కొనాలని ఇంటిల్లిపాదీ అంగీకరించారు. ఎక్కడ కొనాలన్నదే ప్రశ్న.

మా వీధి చివర అబ్దుల్ రవూఫ్ గారి ఎలక్ట్రికల్ కొట్టు ఉంది. న్యాయంగా చెప్పాలంటే అందులో లోపాలు చాలా ఉన్నాయి. అడిగిన రంగు ఎప్పుడూ ఉండదు, అది గోడౌనులో ఉంటుంది. గోడౌను ఎక్కడుందో ఎవరూ చూడలేదు. బిల్లు అడిగితే ఆయన ముఖం చిన్నబోతుంది, తన మీద నమ్మకం లేదేమోనని. రిపేరుకిచ్చిన ఇస్త్రీపెట్టె రేపు వస్తుందంటారు. ఆ రేపు ఏ వారంలోదో చెప్పరు. ఏ వస్తువుకైనా ఒక ధర చెప్పి, మనం వెనక్కి తిరగ్గానే ఇంకో ధర చెబుతారు. కస్టమర్ సర్వీసు విభాగం అంటారా, కౌంటరు పక్కన ఒక స్టూలు ఉంటుంది.

“ఇదంతా పాత పద్ధతి నాన్నా,” అన్నాడు మా అబ్బాయి పవన్‌కుమార్. వాడు ఇంజనీరింగు మూడో సంవత్సరం. కంప్యూటరు తెరిచి సర్వవస్తు డాట్ కామ్ అనే దుకాణం చూపించాడు. అదే మిక్సీ, రవూఫ్ గారి ధర కంటే రెండొందలు తక్కువ. బిల్లు ఇస్తారు. ఇంటికే తెస్తారు. నచ్చకపోతే ఏడు రోజుల్లో వాపసు, ప్రశ్నలు అడగరు.

“ఇంకెంతకి తగ్గిస్తాడు?” అన్నారు మావారు.

“తగ్గించడు నాన్నా. అదే రేటు.”

“అడగందే ఎందుకు తగ్గిస్తాడ్రా?”

ఆర్డరు పత్రంలో ‘ఇతర సూచనలు’ అని ఒక గడి ఉంది. దానిలో మావారు అబ్బాయి చేత ఇంగ్లీషులో ఇలా రాయించారు: మేము పటమటలో ఇరవయ్యేళ్లుగా ఉంటున్న గౌరవనీయ కుటుంబీకులం, ఇక ముందు కూడా మీ దగ్గరే కొనదలిచాము, కావున ఆఖరి ధర తెలియజేయగలరు. మర్నాడు జవాబు వచ్చింది. మీ విలువైన సూచనకు ధన్యవాదాలు, అని ఉంది. ఆ మర్యాదకు మావారు ముగ్ధులై పూర్తి ధర కార్డు మీద చెల్లించారు.

పెట్టె మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. కొరియరు అతను అటు వెళ్లగానే అత్తగారు క్యాలెండరు దగ్గరికి వెళ్లారు.

“మంగళవారం, పైగా అష్టమి. ఆ పెట్టె ముట్టుకోకండి.”

ముట్టుకోలేదు. బుధవారం నవమి. గురువారం దశమి మంచిదే గానీ, మావారి నక్షత్రానికి తారాబలం కుదరలేదు. బిల్లు ఆయన పేరు మీద ఉంది కనక ఆయన నక్షత్రమే చూడాలి. శుక్రవారం ఏకాదశి, ఆవిడకు ఉపవాసం, మిక్సీ పనే లేదు. శనివారం ఇనుము ముట్టుకునే ఆచారం మా ఇంట లేదు. ఆదివారం త్రయోదశి. ఉదయం తొమ్మిది నుంచి పది వరకు దివ్యమైన ఘడియలున్నాయి. కరెంటు కోత తొమ్మిది నుంచి పదకొండు వరకు ఉంది. ముహూర్తం పెట్టేవాళ్లూ కోత పెట్టేవాళ్లూ ఒకరినొకరు సంప్రదించుకోరు. సోమవారం చతుర్దశి, మంగళవారం అమావాస్య, బుధవారం పాడ్యమి. ఈ మూడు రోజుల్లో తిథి తెలిసిన వాళ్లెవరూ కొత్త వస్తువు స్విచ్చి వెయ్యరు.

ఈ తొమ్మిది రోజులూ కొత్త మిక్సీ దేవుడి గదిలో పెట్టెలో విశ్రాంతి తీసుకుంది. నేను పెరట్లో రోలు ముందు కూర్చుని గోంగూర రుబ్బాను.

“కొంచెం పలుకు తగులుతోందే,” అన్నారు అత్తగారు.

“రేపు ఇంకో పది తిప్పులు తిప్పుతాన్లెండి అత్తయ్యా.”

“కొత్త మిక్సీ మొదలెట్టాక నీకీ బాధ ఉండదులే అమ్మా,” అని ఆవిడ నన్ను ఓదార్చారు.

పదో రోజు గురువారం, విదియ. పెట్టె తెరిచాం. మిక్సీకి పసుపు రాసి, అయిదు చోట్ల కుంకుమ బొట్లు పెట్టి, హారతి ఇచ్చాం. అత్తగారు స్వహస్తాలతో స్విచ్చి వేశారు. మోటారు బెంజి సర్కిల్లో లారీలాగా గర్జించింది. జారులో గోంగూర మాత్రం చలించలేదు. మోటారు తిరుగుతోంది, బ్లేడు తిరగడం లేదు.

“వాపసు ఇచ్చేద్దాం. ప్రశ్నలు అడగరుగా,” అన్నారు మావారు ప్రశాంతంగా.

ఆయన ఫోను చేశారు. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని ఒక రికార్డు గొంతు ఇరవై రెండు నిమిషాల పాటు చెప్పింది. ఆయన కార్యాలయంలో ఇరవయ్యేళ్లుగా ఎవరూ ఎవరికీ అలా చెప్పలేదు. మావారు శ్రద్ధగా విన్నారు. తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. ఫోను స్పీకరు మీద పెట్టారు కాబట్టి మేమందరం విన్నాం.

“సార్, ప్రోడక్ట్ మీకు అందింది ఆరో తేదీ సార్. ఈరోజు పదిహేను సార్. రిటర్న్ ఏడు రోజులే సార్.”

“అమ్మా, అందింది ఆరునే. కానీ తెరవడానికి వీల్లేకపోయింది.”

“ఎందుకు సార్? మీ ఏరియాలో ఏమైనా స్ట్రైకా సార్?”

“స్ట్రైకు కాదమ్మా. అష్టమి.”

మావారు గొంతు సవరించుకుని తిథులు వరుసగా వివరించారు. తారాబలం గురించి విడిగా చెప్పారు. మన సంస్కృతిలో వస్తువుకీ మనిషికీ గల సంబంధం గురించి మూడు నిమిషాలు ప్రసంగించారు. అమ్మాయి ఓపిగ్గా విని, “అమావాస్య అనే ఆప్షన్ నా స్క్రీన్ మీద లేదు సార్,” అంది.

“మరేమున్నాయి?”

“కస్టమర్ ఊళ్లో లేరు, అడ్రస్ తప్పు, ప్రకృతి వైపరీత్యం. ఇవే సార్.”

“వైపరీత్యం అని పెట్టమను,” అన్నారు అత్తగారు వెనకనుంచి.

అలాగే పెట్టారు. పటమటలో ప్రకృతి వైపరీత్యం నమోదైంది. వస్తువు ఫోటోలు పంపమన్నారు. పవన్‌కుమార్ నాలుగు వైపులా తీసి పంపాడు. మూడో రోజు జవాబు: ఫోటోలు పరిశీలించడమైనది, వస్తువు మీద పసుపు, ఎరుపు రంగుల ఆహారపదార్థాల మరకలు స్పష్టంగా ఉన్నవి, విస్తృతంగా వాడిన వస్తువును వాపసు తీసుకొనుటకు నిబంధనలు అంగీకరించవు.

మావారు దీన్ని సవాలుగా తీసుకున్నారు. ఒక ఫైలు తెరిచి, దాని మీద నంబరు వేశారు. పసుపు ఆహారపదార్థమే అయినా ఈ సందర్భంలో కాదని రెండు పేజీల వివరణ పంపారు. ఫైలు పెరుగుతోంది. అత్తగారు తగ్గుతున్నారు. చేతిగాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

ఒక శుక్రవారం ఉదయం నేను పాత మిక్సీ సంచిలో పెట్టుకుని, కొత్త మిక్సీ చంకన పెట్టుకుని, రవూఫ్ గారి కొట్టుకు వెళ్లాను. సిగ్గుగానే ఉంది. ఉన్న మాట చెప్పాను.

“ఇది కంప్యూటర్లో కొన్నామండీ.”

“ఎక్కడ కొంటే ఏముందమ్మా, తిరగాల్సింది బ్లేడే కదా,” అన్నారాయన. పాతదాన్ని రేపు ఇస్తానని పక్కన పెట్టి, కొత్తదాన్ని వెల్లకిలా తిప్పి చూశారు. “మోటారునీ బ్లేడునీ కలిపే కప్లరు విరిగిపోయిందండీ. రవాణాలో దెబ్బ తగిలుంటది. అయిదు నిమిషాల పని. మార్చెయ్యనా?”

“వద్దండీ. మీరు చెయ్యి వేస్తే గ్యారంటీ పోతుందని మావారు ముట్టుకోనివ్వరు. కేసు నడుస్తోంది.”

“అయితే వద్దులెండమ్మా. ఇంతకీ ఎవరికోసం ఇంత తొందర?”

అత్తగారి పళ్ల సంగతి చెప్పాను. ఆయన లోపలికెళ్లి షోకేసులోని మిక్సీ తెచ్చి, గుడ్డతో తుడిచి, నా ముందు పెట్టారు.

“పెద్దమ్మగారికి పళ్లు వచ్చేదాకా వాడుకోండి. డబ్బులేం వద్దు. పదకొండున్నర దాకా వర్జ్యం ఉందమ్మా, స్టూలు మీద కూర్చోండి, టీ తాగి తీసుకెళ్దురు.”

వర్జ్యం సంగతి మీకెలా తెలుసని అడిగాను.

“ముప్పయ్యేళ్లుగా ఈ వీధివాళ్లకే అమ్ముతున్నానమ్మా. నా గ్యారంటీ కార్డులో డేటు అమ్మిన రోజు రాయను. ఇంట్లో స్విచ్చి వేసుకుని వచ్చి చెబితే అప్పుడు రాస్తా. ఆషాఢంలో కొని శ్రావణంలో వచ్చి రాయించుకునేవాళ్లు కూడా ఉన్నారు,” అన్నారు. ఆ వేళ ఆయన నమాజుకు వెళ్లాల్సిన రోజు. నా వర్జ్యం పూర్తయ్యాకే షట్టరు దించారు.

ఆ మధ్యాహ్నం అత్తగారు గోంగూర పచ్చడితో మూడుసార్లు అన్నం కలుపుకున్నారు. తర్వాత రోజుల్లో కంది పచ్చడి, దోసకాయ పచ్చడి, చివరకు వేపుడు కూరలు కూడా మిక్సీలో తిప్పించుకుని ఆరగించారు. గాజులు తిరిగి మణికట్టుకు వచ్చాయి.

మావారి కేసు కూడా ఒక కొలిక్కి వచ్చింది. అమ్మాయి మళ్లీ ఫోను చేసి, జరిగినదానికి చింతిస్తున్నామని చెప్పి, నా సేవకు అయిదులో ఎన్ని మార్కులు వేస్తారు సార్ అని అడిగింది. ఆ ఒక్క కాల్‌లోనే తనను ఆమె పద్దెనిమిదిసార్లు సార్ అందని మావారు లెక్కపెట్టారు. ఆడపిల్ల, ఉద్యోగం చేసుకుంటోంది, మార్కులు తగ్గిస్తే ఏం బాగుంటుందని అయిదుకి అయిదు వేశారు. అరగంటలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: కస్టమరు పూర్తి సంతృప్తి వ్యక్తం చేసినందున ఫిర్యాదు మూసివేయడమైనది. ఈ శుభ సందర్భంలో మీ తదుపరి కొనుగోలుపై పది శాతం తగ్గింపు కూపను జతపరచడమైనది.

నలభై రోజులు నలభై ఎనిమిదయ్యాక అత్తగారికి పళ్లు వచ్చాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం అందరం కలిసి భోజనాలకు కూర్చున్నాం. అత్తగారు కొత్త పళ్లతో అప్పడం కొరికారు. ఆ శబ్దం విని పవన్‌కుమార్ చప్పట్లు కొట్టాడు. మా కొత్త మిక్సీని సాక్ష్యమంటూ మావారు ఇంకా ఎవరినీ ముట్టుకోనివ్వడం లేదు కనక, ఇక రవూఫ్ గారి మిక్సీ రవూఫ్ గారికి ఇచ్చేసి, ఆయన దగ్గరే ఒకటి కొందామని నేను నోరు తెరవబోతుండగా మావారు పెరుగు కలుపుకోవడం ఆపి గొంతు సవరించుకున్నారు.

“ఒక నిర్ణయం తీసుకున్నాను. ఆ కూపను ఈ నెలాఖరు వరకే పనిచేస్తుంది. మిక్సీ మీద పది శాతం అంటే ఏమంత కాదు. ఫ్రిజ్ మీద అయితే బోలెడు కలిసొస్తుంది. కాబట్టి ఫ్రిజ్ తెప్పిస్తున్నాం.”

“మరి మిక్సీ?” అన్నాను.

“ఆయనది ఉందిగా. ఆయనేం అడగలేదుగా. ఇంకొన్నాళ్లు వాడదాం.”

“ఈసారి రెండు తలుపులది తీసుకోరా కోటేశ్వరరావూ,” అన్నారు అత్తగారు. పళ్లు వచ్చాక ఆవిడ మాట చాలా స్పష్టంగా ఉంది.

“ఫోటోలో చూస్తే లోపల అరలు ఎంత లోతుంటాయో తెలీదు నాన్నా,” అన్నాడు అబ్బాయి.

అందరూ నావైపు చూశారు. ఇంట్లో డిగ్రీ చదివిన గృహిణిని నేనే. రవూఫ్ గారు ఆ వేళ వేసిన స్టూలు, పోయించిన టీ నాకు గుర్తున్నాయి. రెండు తలుపుల ఫ్రిజ్ కూడా గుర్తొచ్చింది. మజ్జిగ వడ్డిస్తూ, సాయంత్రం అందరం రవూఫ్ గారి కొట్టుకు వెళ్దామన్నాను. ఆయన ప్రతి అరా లాగి చూపిస్తారు, కరెంటు ఎంత కాలుతుందో చెబుతారు, ఏ కంపెనీది మంచిదో దాచకుండా చెబుతారు. అన్నీ తెలుసుకుని ఇంటికొచ్చి ఆర్డరు పెట్టుకోవచ్చు. అంత ఓపిగ్గా చెప్పేవాళ్లు కంప్యూటర్లో ఎవరున్నారు చెప్పండి?