జనవరి పేజీ కొంగ

ఆ ఆదివారం పళ్ళ డాక్టరు పెట్టుకున్న పని ఒక్కటే: చెరువుకి వెళ్ళి, ఓ కొంగని ఫోటో తీసి, టిఫిను వేళకి ఇల్లు చేరడం. మామగారి ఫోటో క్లబ్బు క్యాలెండరులో జనవరి పేజీ ఇంకా ఖాళీగా ఉంది. పెళ్ళయిన నాటి నుంచి అల్లుడి ఫోటోలు చూసి "ఊఁ" తప్ప మరో మాట అనని మామగారు, మోకాలి నొప్పితో మంచం దిగలేక, మొదటిసారి ఆ పని అల్లుడికి అప్పగించారు. ఈసారైనా ఆయన చేత "బాగుంది" అనిపించుకోకపోతే తన బతుకెందుకని డాక్టరు పట్టుదల.

తీరా వెళ్తే చెరువంతా పొగమంచు. పైన ఎండ కాస్తోంది, కింద కళ్ళు బైర్లు కమ్మే తెలుపు. వెంటనే ఫోను చేశాడు.

"మామగారూ, ఫోటోలన్నీ మసిబారినట్టు వస్తున్నాయి."

"అంత తెలుపు చూస్తే కెమెరా బెదిరిపోతుంది అల్లుడుగారూ. వెలుగు పెంచండి," అన్నారు మామగారు గుసగుసగా.

"పెంచాను. ఇప్పుడు చెరువే మాయమైంది."

"అయితే తగ్గించండి! ఆ మాత్రం తెలీదూ?"

మంచం మీద పడుకున్న మనిషికి గుసగుసలెందుకో డాక్టరుకి అంతుబట్టలేదు. నొప్పి కాబోలు అనుకున్నాడు. అంతలో మంచులో ఓ బూడిదరంగు ఆకారం కదిలింది. వంగిన మెడ, పొడుగాటి ముక్కు, ఒంటికాలు! డాక్టరు గబగబా బటను నొక్కుతూ మోకాలిలోతు నీళ్ళలోకి దిగిపోయాడు.

"దొరికింది మామగారూ! నావైపే వస్తోంది!"

"ఉష్! నాదీ నావైపే వస్తోంది!"

"మీదేమిటి? మీరు మంచంలో కదా ఉన్నారు?"

ఫోను కట్టయింది. మంచు పలచబడింది. నాలుగడుగుల దూరంలో, బూడిదరంగు శాలువాతో, బురదలో దిగబడ్డ చెప్పు కోసం వంగి ఒంటికాలి మీద మామగారు! ముక్కనుకున్నది మెడలో వేలాడుతున్న మూరెడు లెన్సు.

"నొప్పి తగ్గిందా?" అన్నాడు డాక్టరు.

"మీ మీద నమ్మకం లేక కాదు..." అని నసిగారు మామగారు.

సరిగ్గా అప్పుడే అసలు కొంగ ఇద్దరి మధ్య నుంచి లేచి, టపటపా వెళ్ళిపోయింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారే గాని ఒక్కరి చెయ్యీ కెమెరా మీదికి పోలేదు.

గట్టెక్కాక, అల్లుడు తీసిన ఫోటోని మామగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది," అన్నారు చివరికి. "ఆ మెడ వంపు చూడండి, ఎంత ఠీవి! పంపించెయ్యండి."

"కానీ మామగారూ, అది మీరు..."

"ఆ సంగతి క్లబ్బుకి తెలుసా?"

క్లబ్బు ఎగిరి గంతేసింది. జనవరి పేజీ నిండా మామగారే అచ్చయ్యారు. కింద చిన్న అక్షరాలతో ఒకే ముక్క: "బూడిదరంగు కొంగ, బహుశా ఆడది."