నాలుగో బోల్టు

స్టీరింగ్ బిగుతుగా ఉన్న బండ్లలో తిరిగేవాళ్లను చూస్తే నాకు జాలి! తిప్పగానే తిరిగిపోతుంది. అదీ ఒక ప్రయాణమేనా? అందులో ఎదురుచూపు ఉందా? దేవుడికి కాస్తయినా పని ఉందా?

మా రియాజ్ పికప్ చూడండి. పెద్దారవీడు దగ్గరి మా ఊరి నుంచి రోజూ పొద్దున్నే మార్కాపురం పోతుంది. పలకల పనికి పోయే ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు, లైబ్రరీలో పేపరు తిరగేయందే తోచని నాలాంటి రిటైర్డ్ లెక్చరర్, అందరం అందులోనే. రెండేళ్ల కిందటి దాకా మాకు ఏడున్నర బస్సు ఉండేది. ఎక్కడో తిరునాళ్లకు బస్సులు చాలలేదని తాత్కాలికంగా తీసుకుపోయారు. తిరునాళ్లు ముగిశాయి.

ఈ పికప్ స్టీరింగ్‌ను పావు చుట్టు తిప్పినా చక్రాలకు కబురందదు. ఇంకాస్త తిప్పితే అప్పుడు వింటాయి. ఈలోగా బండి తనకు తోచిన వైపు కొంత దూరం పోయొస్తుంది. మలుపు కావాలంటే ఇరవై గజాల ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. దీన్ని మీరు రోగమంటారు. నేను వరమంటాను!

డ్రైవింగ్‌లో సెల్‌ఫోన్ వాడొద్దని ఊరూరా బోర్డులు పెడుతున్నారు కదా? రియాజ్‌కు ఆ బోర్డుతో పనే లేదు. తిన్నటి రోడ్డు మీద కూడా రెండు చేతులా ఎడమకీ కుడికీ తిప్పుతూనే ఉండాలి. ఫోన్ ఎత్తడానికి మూడో చెయ్యి ఏది? జిమ్ముకు పోకుండానే వాడి భుజాలు ఎలా తయారయ్యాయో వచ్చి చూడండి! ఇక మతసామరస్యం అంటారా? కల్వర్టు మలుపు దగ్గర ముందు సీట్లో బిస్మిల్లా, వెనక యేసయ్యా, ఆ పక్కన వెంకటేశా, మూడూ ఒకే ఊపిరిలో వినపడతాయి. ఎదురొచ్చే బర్రెలు సైతం మా బండిని గుర్తుపట్టి తామే రోడ్డు దిగిపోతాయి. బర్రెలకు క్రమశిక్షణ నేర్పిన వాహనం మీ జిల్లాలో ఇంకొకటి ఉందా?

ఇంత గొప్ప బండికి వైద్యం చేయిద్దామని కొందరు తొందరపడ్డారు. టైర్లలో గాలి తేడా అన్నాడొకడు. రాడ్డు చివరలు అరిగాయని ఇంకొకడు రెండుసార్లు మార్చాడు. స్టీరింగ్ డబ్బా మీది స్క్రూను మూడోవాడు బిగించాడు. దాంతో తిప్పడం కష్టమైంది గానీ ఊగడం మాత్రం తగ్గలేదు. చివరికి బంపర్‌కు నిమ్మకాయలు కట్టారు. అవీ బండితో పాటే ఊగాయి.

నేనైతే ఈ వరాన్ని కలకాలం అనుభవించేవాణ్ణే. కానీ మొన్న సోమవారం బండి కల్వర్టు మలుపులో మా దరఖాస్తును పూర్తిగా తోసిపుచ్చింది. పిట్టగోడ లేని అంచుకు జానెడు దూరంలో ఆగింది. వెనక నుంచి పలకల పనికి పోయే భాగ్యమ్మ దిగింది. ఆమె కూతురు వందన డిగ్రీ రెండో సంవత్సరం. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి.

"రేపట్నుంచి మా పాప రాదు సార్" అంది భాగ్యమ్మ. "ఒక్క మలుపుకు మూడుసార్లు పిలిస్తే ప్రభువుకైనా ఇసుగు పుట్టదా?"

వందన పుస్తకాల సంచి ఒళ్లో పెట్టుకుని బండిలోనే కూర్చుంది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ పిల్ల వైపు చూడలేకపోయాను.

ఆ రోజే మార్కాపురంలో మెకానిక్ ఖుద్దూస్ షెడ్డుకు పోయాం. ఖుద్దూస్ ఏ సామానూ విప్పలేదు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

"తిప్పొద్దు సార్, ఊరికే ఆడించండి" అని బండి కింద దూరాడు. ఎడమకింత, కుడికింత ఆడించాను. కాసేపటికి కిందనుంచి నవ్వు వినపడింది.

రాడ్లు బాగున్నాయి, డబ్బా లోపలా బాగుంది. ఆ డబ్బానే ఛాసిస్ మీద కదులుతోంది. ముందది కదిలి, తర్వాత రాడ్డును కదిలిస్తోంది. నాలుగు బోల్టులుండాల్సిన చోట మూడే ఉన్నాయి, అవీ వదులైపోయాయి. ఇంతమంది వైద్యుల్లో ఒక్కడూ లెక్కపెట్టలేదు!

"ఏం రియాజ్, నాలుగోది యాడబెట్టినావ్?" అన్నాడు ఖుద్దూస్.

రియాజ్ తల గోక్కుని బండి వెనక్కి చూశాడు. అక్కడ ఎక్కడానికి ఒక ఇనప మెట్టు ఉంది.

"అమ్మ కోసం తీసినా సార్" అన్నాడు నాతో. "ఎక్కలేకుంటే మెట్టు పెట్టినా. ఒక బోల్టు తక్కువొచ్చె. కింద మూడున్నాయి గదా, రెండు దినాలకు ఏం గాదులే అనుకున్నా. మళ్లీ మర్చిపోయినా."

అమ్మ అంటే నా భార్య అనంతలక్ష్మి. మోకాళ్ల నొప్పితో ఆస్పత్రికి పోయేటప్పుడు ముందు కూర్చోమంటే వినేది కాదు. మాటలన్నీ వెనకే ఉంటాయనేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆ మెట్టు మీద ఇప్పుడు ఊరి ఆడవాళ్లందరూ ఎక్కుతున్నారు. రెండేళ్లుగా మమ్మల్ని కల్వర్టు అంచుకు తోసింది నా ఇంటి కోసం తీసిన బోల్టే అన్నమాట!

ఖుద్దూస్ పానా తీసుకుని మెట్టు వైపు నడిచాడు. వద్దన్నాను. వాడు నన్నొకసారి చూసి, "పాతది పనికిరాదులే సార్" అని కొత్తది తెప్పించి, నాలుగూ బిగించాడు. మూడోవాడు బిగించిన స్క్రూను వదులు చేశాడు.

తిరుగు ప్రయాణంలో రియాజ్ అలవాటు కొద్దీ మలుపు ముందే తిప్పాడు. బండి వెంటనే విని, కంపచెట్లలోకి పోబోయింది! మంగళవారం భాగ్యమ్మ కూతుర్ని ఇంట్లో ఉంచి, తానొక్కతే ఎక్కి కల్వర్టు దాటి చూసింది. బుధవారం మెట్టు మీద మొదట వందన సంచి కనపడింది, తర్వాత వందన.

రియాజ్‌ను నేను గట్టిగానే మందలించాను. కానీ ఒక్క విషయంలో వాణ్ణి మెచ్చుకోవాలి. తాత్కాలికంగా తీసింది ఎక్కడ పెట్టాడో, అడిగితే వాడికి గుర్తొచ్చింది. మా ఏడున్నర బస్సు కోసం ఆరోసారి అర్జీ పట్టుకుపోతే, నిన్న డిపో కౌంటర్లో మర్యాదగా కుర్చీ వేసి అడిగారు: "ఏ బస్సు సార్?"